తెల్లగా ఉండాది నా కొడుకు ఎద

"ఊపిరి పట్టండి ఆంటీ" అంది ఆ పిల్ల గాజు కిటికీ వెనక నుంచి. పట్టాను. "వదలండి" అంది. వదిలాను. అంతే, అయిపోయింది. దగ్గు తగ్గడం లేదని మా కోడలు పోరు పెడితే పోయిన పని అది. రవిక తొడుక్కునేంత సేపు కూడా పట్టలేదు.

"ఫిల్ము ఎప్పుడిస్తావమ్మా?" అని అడిగాను.

"ఫిల్ము ఇప్పుడెవరిస్తారు ఆంటీ? మీ ఫోనుకే వచ్చేస్తుంది" అని నవ్వింది.

నాకు ఒళ్ళు మండింది. ఎక్స్‌రే అంటే పెద్ద కాగితపు కవరులో పెట్టి ఇవ్వాలి. దాన్ని చంకలో పెట్టుకుని, ఎదురైన ప్రతివాడూ "ఎవురికి? ఏమైంది?" అని అడుగుతుంటే జవాబు చెబుతూ ఇంటికి రావాలి. వాకిట్లో నిలబడి ఎండకు ఎత్తి పట్టుకుంటే ఇంటిల్లిపాదీ, పక్కింటివాళ్ళూ చుట్టూ చేరి తలా ఒక తీర్పు చెప్పాలి. ఫోనులో చూసుకుని ఊరుకునేదాన్ని ఎక్స్‌రే అని ఎట్లా అంటాం? మా ఇంట్లో అట్లా ఒకసారి వాకిట్లో తీర్పు చెప్పింది మా అవ్వ, నాయన వాళ్ళమ్మ. ఆ తీర్పు తలకిందులైంది. ఆ చలికాలమంతా దాని చుట్టూనే తిరిగింది మా బతుకు.

మేము కోలారు బంగారు గనుల్లో, కోరమండల్ లైన్లలో ఉండేవాళ్ళం. లైన్లంటే ఒకే కప్పు కింద వరసగా కట్టిన ఇళ్ళు. ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఉందని చెప్పుకోవడమే తప్ప, ఒక ఇంట్లో తిరగమోత పెడితే వరసంతా తుమ్మేది. ఇళ్ళ వెనక సైనైడు దిబ్బలు. గనిలోంచి తీసిన రాయిని పిండి చేసి, బంగారం తీసుకుని, మిగిలిన బూడిదరంగు మట్టిని కొండల్లా పోసేవాళ్ళు. మేం పిల్లలం పాత రేకు ముక్క మీద కూర్చుని ఆ దిబ్బల మీద నుంచి జారి, లంగాలు చించుకుని, ఇంటికొచ్చి వీపులు పగలగొట్టించుకునేవాళ్ళం. గాలి లేస్తే ఆ పొడి కళ్ళలో, తలలో, సంగటి ముద్దలో. పంటి కింద కరకరమన్నా ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

అప్పుడప్పుడు భూమి లోపల ఎక్కడో బండ పగిలేది. పైన ఇల్లు ఊగి, గూట్లో గిన్నెలు గలగలమనేవి. అవ్వ చేస్తున్న పని ఆపేసి, నేల మీద అరచెయ్యి ఆనించి, కాసేపు అట్లాగే కూర్చునేది. తాత అట్లాంటి ఒక రోజు లోపలే ఉండిపోయాడు. నాయన అప్పటికి చిన్నవాడు. అయినా అవ్వకు గని మీద కోపం లేదు, పైగా గర్వం. "మా ఇంటి మగోళ్ళు భూమి లోపలికి పొయ్యేవాళ్ళు. పైన కూచుని లెక్కలు రాసే రకం కాదు" అనేది ఎవరితోనైనా. కంపెనీ పోయి సర్కారు వచ్చి చాలా కాలమైంది. దొరలుండిన బంగళాల్లో మనవాళ్ళే ఆఫీసర్లై కూర్చున్నారు. అవ్వకు మాత్రం అది చివరిదాకా కుంపిణీయే.

నాయనది బండకు బెజ్జాలు వేసే పని, డ్రిల్లరు. షిఫ్టు దిగి వస్తే ఆయన కంటే ముందు ఆయన వాసన వచ్చేది. బండలు పేల్చే మందు వాసన, నూనె వాసన, తడి రాతి వాసన. నాకు ఆ మూడూ కలిపితేనే నాయన. ఎండ తగలక తెల్లగా పాలిపోయి ఉండేవాడు. మా చుట్టాల్లో ఆయనంత తెల్లనివాడు లేడని అవ్వ మురిసిపోయేది.

అది అనపకాయల కాలం. కోలారు సీమలో పుట్టినవాళ్ళకు ఆ వాసన గురించి చెప్పనక్కరలేదు, పుట్టనివాళ్ళకు చెప్పినా లాభం లేదు. పచ్చి కాయ మీది జిడ్డు చేతులకు అంటుకుంటే కడిగినా పోదు, పోవాలని ఎవరికీ ఉండదు. రాత్రి నానేసిన గింజలను పొద్దున్నే అరుగు మీద కూర్చుని పితికేవాళ్ళం. రెండు వేళ్ళ మధ్య నొక్కితే తొక్క వేళ్ళలో ఉండిపోయి పప్పు చెంగున ఎగిరేది. గురి చూసి పక్కింటి మామ బట్టతలకు తగిలేట్టు నొక్కడంలో నన్ను మించినవాళ్ళు ఆ లైన్లో లేరు. మామ తల తడుముకుని పైకి చూసి "వాన వస్తా ఉండాదే" అనేవాడు, పాపం మంచివాడు.

మామ అరవాయన. నాయనకు లోపల జత. పైన బండ కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. మా అమ్మ రెండో కాన్పుకు లక్కూరులో వాళ్ళ పుట్టింటికి పోయింది కాబట్టి, ఆ నెలల్లో ఇంట్లో ఉండేది అవ్వ, నాయన, తొమ్మిదో తరగతి చదివే నేను. మామ పెళ్ళాన్ని అత్తా అని పిలిచేదాన్ని. ఆమె సగం మా ఇంట్లోనే ఉండేది.

ఏటా ఒకసారి గని ఆస్పత్రిలో అందరికీ ఎదకు ఎక్స్‌రే తీసేవాళ్ళు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకున్నట్టు కనిపిస్తే ఇక లోపలికి పంపరు. పైన ఏదో ఒక పని ఇస్తారు. అది ప్రాణానికి మంచిదే. కానీ జీతం తగ్గుతుంది, అంతకు మించి మాట తగ్గుతుంది. "వాన్ని పైకి తెచ్చేసినారంట" అని గుసగుసలాడుకునేవాళ్ళు, ఏదో జబ్బు బయటపడినట్టు. నిజంగా జబ్బు బయటపడడమే కదా అది! అందుకే ఎక్స్‌రే నెల వచ్చిందంటే బజారులో బెల్లమూ అరటిపండ్లూ కరువయ్యేవి. దుమ్మును బెల్లం లాగేస్తుందనీ, మింగిన రాయిని అరటిపండు దించేస్తుందనీ అందరి నమ్మకం. పరీక్షకు ముందు మేం పుస్తకాలు ముందేసుకున్నట్టు మగవాళ్ళు అరటి గెలలు ముందేసుకునేవాళ్ళు.

మేం పిల్లలం ఎక్స్‌రే ఆట ఆడేవాళ్ళం. కంబళి కప్పితే చీకటి గది. ఒకరిని గోడకు నిలబెట్టి "ఊపిరి పట్టు! వదులు!" అని అరిచేదాన్ని. "నీ ఎదలో నిన్నటి సంగటి ఉండాది. ఇంగ నువ్వు పైన పనికి పో" అని తీర్పు చెప్పేదాన్ని. ఎప్పుడూ డాక్టరు నేనే, ఇంకెవరినీ కానిచ్చేదాన్ని కాదు.

ఆ ఏడు నాయన దగ్గు ఎక్కువైంది. పొద్దున లేచి అరుగు మీద కూర్చుని, ఎవరినో పిలుస్తున్నట్టు చాలాసేపు దగ్గేవాడు. గని ఎక్స్‌రే రాకముందే బజారులో ప్రైవేటు డాక్టరు దగ్గర ఒకటి తీయించుకుని చూసుకుందామని మామ అన్నాడు. ఇద్దరూ ఒక శనివారం పోయి, చెరొక కవరు పట్టుకుని వచ్చారు.

మరునాడు పొద్దున్నే వాకిట్లో ఎండ పడగానే అవ్వ "తియ్యండ్రా, చూద్దాం" అంది. లైన్లో సగం మంది వచ్చేశారు.

మొదట మామది ఎత్తారు. ఎముకలు వరసగా తెల్లగా కనిపిస్తున్నాయి. వాటి మధ్యన రెండు పక్కలా కాకి నలుపు. అవ్వ మొహం మాడిపోయింది. "అయ్యో నాయనా, పొయ్యిలో మసి మాదిరి ఉండాది కదప్పా" అంది. అత్త అక్కడే కొంగు నోట్లో కుక్కుకుంది.

తరువాత నాయనది. ఆ నలుపు ఉండాల్సిన చోటంతా తెల్లని చుక్కలు. పైభాగంలో చుక్కలు కలిసిపోయి మబ్బు పట్టినట్టు తెలుపు. అవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "చూడండే! తెల్లగా ఉండాది నా కొడుకు ఎద! ముగ్గుపిండి చల్లినట్టు ఉండాది!" అని, ఆ ఫిల్ముకే దిష్టి తీసింది.

ఎవరూ కాదనలేదు. ఎందుకంటారు? మాకు తెలిసినంతలో మురికి నలుపు, శుభ్రం తెలుపు. ఉతికిన పంచె తెలుపు, మాసిన పంచె నలుపు. తోమిన చట్టి, తోమని చట్టి, అంతే లోకం. మామ నోరు తెరిచి ఏదో చెప్పబోయి నాయన వైపు చూశాడు. నాయన కొంచెం తల అడ్డంగా ఊపాడు. మామ నోరు మూసుకున్నాడు. నేను అది చూశాను గానీ, మామ దుఃఖాన్ని దిగమింగుకుంటున్నాడనుకున్నాను.

ఆ రోజు నుంచి అవ్వ మామను బతికించే పని పెట్టుకుంది. మా ఇంటికొచ్చే అరటిపండ్లన్నీ గోడ దాటిపోయాయి. బెల్లం అచ్చులు, పితికిన పప్పు కూర, రాగి అంబలి, అన్నీ మామకే. "సత్తియమా చెప్తాను అవ్వా, నాకు ఒణ్ణుమే లేదు, ఏ జబ్బూ లేదు" అని ఆయన మొత్తుకునేవాడు. "ఊరుకో అప్పా, జబ్బుండేవాడు ఉండాదని చెప్తాడా? తిను" అని అవ్వ ఎదురుగా కూర్చుని తినిపించేది. మామ దొంగతనం చేసినవాడిలాగా దిక్కులు చూస్తూ మింగేవాడు. నెల తిరక్కుండానే ఆయన బుగ్గలు ఉబ్బాయి. "చూసినావా, బెల్లం పని చేస్తా ఉండాది" అంది అవ్వ. అత్త మాత్రం బుగ్గలను నమ్మలేదు, ఫిల్మునే నమ్మింది.

ఒక పొద్దు మేం ముగ్గురం పప్పు పితుకుతుంటే అత్త ఏడవసాగింది. "పైకి తెచ్చేస్తారు అవ్వా. ఆ జీతంతో నేనెట్ల ఈదేది?"

అవ్వ చెయ్యి ఆపకుండానే ఉపాయం చెప్పింది. గనిలో ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉండేది. లోపలికి దిగేటప్పుడూ అదే, ఆస్పత్రిలోనూ అదే. వందల మంది వరసలో నిలబడితే మొహాలు ఎవరు చూస్తారు, బిళ్ళ చూస్తారు. నాయనకు ఎక్స్‌రే ఒక రోజు, మామకు ఇంకో రోజు.

"వాని బిళ్ళ తీసుకొని ఆ దినం కూడా నా కొడుకే పోతాడు. తెల్లని ఎద కదా, ఒగసారి చూపిస్తే ఏమి, రెండుసార్లు చూపిస్తే ఏమి? ఏడవద్దు తల్లీ, నేను మాటిస్తా ఉండాను" అంది.

కుంపిణీని మోసం చేస్తే పాపం తగలదని అవ్వ ధర్మశాస్త్రం.

అదే వారం ఊరిగాం బడిలో మా సైన్సు టీచరమ్మ ఎక్స్‌రేల పాఠం మొదలుపెట్టింది. కనిపెట్టినాయనకు ఆ కిరణమేమిటో తెలియలేదట. లెక్కల్లో తెలియనిదానికి ఏ అక్షరం పెడతామో దాన్నే పేరుగా పెట్టాడట. అది వెలుతురుకు తోబుట్టువే కానీ కంటికి కనపడదు. వెలుతురు గుడ్డ దగ్గర ఆగిపోతుంది, ఇది ఆగదు. గాలిలోంచి, మెత్తని కండలోంచి దూసుకుని పోతుంది. ఎముక దాన్ని చాలావరకు ఆపుతుంది. రాయీ ఆపుతుంది, లోహం ఇంకా ఆపుతుంది.

"మింగిన బంగారం కనిపిస్తాదా టీచర్?" అని వెనక బెంచీలోంచి ఒకడు అడిగాడు. క్లాసంతా గొల్లుమంది. గనుల ఊరి పిల్లలం, మాకు ఇంకేం సందేహాలొస్తాయి?

"అన్నిటికన్నా తెల్లగా కనిపిస్తాది, మింగద్దు" అంది ఆమె.

తరువాత చేతి గడియారం విప్పి మణికట్టు చూపించింది. "నోడ్రమ్మా, చెయ్యంతా ఎండకు నల్లబడింది. గడియారం అడ్డం ఉండిన చోట మాత్రం తెల్లగా మిగిలింది. ఫిల్ము కూడా ఇంతే. కిరణం వచ్చి తగిలిన చోట నలుపు. ఏదైనా అడ్డం పడిన చోట తెలుపు. ఊపిరితిత్తుల్లో ఉండేది గాలే కదా, గాలి అడ్డం పడదు. అందుకే మంచి ఊపిరితిత్తి నల్లగా ఉంటాది."

పక్క పిల్ల ఏదో అడిగింది, నాకు వినపడలేదు. నాయన ఎదలో ముగ్గుపిండి చల్లింది ఎవరో నాకు ఆ బెంచీ మీద తెలిసిపోయింది.

బడి వదలగానే ఇంటికి పోలేదు. గనిలోకి దిగే షాఫ్టు గేటు దగ్గర నిలబడ్డాను. షిఫ్టు దిగినవాళ్ళను తడిమి వెతికి ఒక్కొక్కరినే బయటికి వదులుతున్నారు. నాయన నన్ను చూసి కంగారుపడ్డాడు. "ఏమే, లక్కూరు నుంచి సుద్ది వచ్చిందా? అమ్మకేమన్నా అయిందా?"

"లేదు. నాయనా, నలుపే మంచిదంట."

ఆయన నాలుగడుగులు నడిచాడు. తరువాత నవ్వాడు. "ఆడపిల్లను చదివిస్తే ఇదే తంటా. నాకు తెలుసు తల్లీ. డాక్టరు ఆ దినమే చెప్పినాడు, రాతి దుమ్మని. మామకూ తెలుసు, నా మాటకే నోరు మూసుకొని ఉండాడు."

"అయితే అవ్వ అందరి ముందర అట్ల చెప్తా ఉంటే ఏల ఊరకుండినావు?"

"మీ అవ్వ అంతగా నవ్వి ఎన్ని దినాలాయ. నవ్వనీ అనుకొన్నాను."

నేను రోడ్డు మీదే ఏడ్చాను. ఆయన మెడలోని తువ్వాలుతో నా మొహం తుడిచాడు. మందు, నూనె, తడి రాయి. ఆ వాసన నాకు అంతకు ముందెప్పుడూ భయం పుట్టించలేదు, ఆ రోజు పుట్టించింది.

ఆ సాయంత్రమే అవ్వ తన ఉపాయం నాయన ముందు పెట్టింది. నాయన "కాదమ్మా" అన్నాడు. ఏల కాదంటే "సర్కారు పని, తప్పు" అన్నాడు. అవ్వకు ఎక్కడలేని రోషం వచ్చింది. "తప్పంట తప్పు! నీ జత మనిషి ముణిగిపోతా ఉంటే నీకు తప్పొప్పులు గుర్తొచ్చినాయా? నేను మాటిచ్చినాను రా! నీకుండేది ఎద కాదు, రాయి!" అని అరిచింది.

అవ్వ తిట్టుగా అన్న మాట నిజమని ఆ గదిలో నాకూ నాయనకూ మాత్రమే తెలుసు. నేను నోరు తెరవబోతే నాయన కళ్ళతోనే వద్దన్నాడు.

ఇక అవ్వ కొడుకుతో మాట్లాడడం మానేసింది. మాకున్నది ఒక గది, ఒక వంటిల్లు. ఆయన ఎదురుగానే కూర్చుని నాతో "మీ నాయనకు చెప్పు, సంగటి ఆరిపోతా ఉండాదని" అనేది. నేను తల అటు తిప్పి "సంగటి ఆరిపోతా ఉండాదంట" అనేదాన్ని. "వస్తానని చెప్పు" అనేవాడు నాయన. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. గోడవతల అత్త కూడా నాయనను చూస్తే మొహం తిప్పుకునేది. ఆయన అన్నీ పడ్డాడు. గని ఎక్స్‌రే వారంలోకి వచ్చేసింది.

ఒక పొద్దు అవ్వా నేనూ పప్పు పితుకుతుంటే నాయన దగ్గు ఆపుకుంటూ వచ్చి అవ్వ పక్కన కూర్చున్నాడు. అవ్వ మొహం తిప్పుకుంది. ఆయన తనూ నాలుగు గింజలు తీసుకుని పితుకుతూ చెప్పాడు.

"అమ్మా, వాని బిళ్ళ తీసుకొని నేను పోతే వాని పని పోతాది."

అవ్వ వేళ్ళు ఆగిపోయాయి. ఆయన లేచి డ్యూటీకి పోయాడు. అవ్వ నా వైపు చూసింది. "నువ్వు చదివేదానివి. చెప్పు. తెల్లగా ఉంటే ఏమి?"

నేను అవ్వ చెయ్యి పట్టుకుని గాజులు మోచేతి వైపుకు జరిపాను. ఎండలో కట్టెలు మోసీ పిడకలు తట్టీ నల్లబడిన చెయ్యి. గాజుల కింద మాత్రం తెల్లని పట్టీ. "ఎండకు గాజు అడ్డం పడింది కదా అవ్వా, అట్లనే" అన్నాను. "అడ్డం లేకపోతే నల్లగా ఉండాల."

అవ్వ ఆ పట్టీని చాలాసేపు చూసుకుంది. "అడ్డం పడింది రాయా?"

ఊఁ అన్నాను.

అవ్వ ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు బాగుండేది. కాసేపటికి ఒక్కటే మాట అంది. "అరటిపండ్లన్నీ వానికి తినిపిస్తినే."

ఆ సాయంత్రం మామ వచ్చాడు. నాయనను అరుగు చివరికి తీసుకుపోయి మెల్లగా అన్నాడు, "అన్నా, అవ్వ చెప్పిన ఉపాయం మంచిదే. తిప్పి చేస్తే సరి. నాది కరి, బొగ్గు మాదిరి ఉండాది కదా, నీ దినం కూడా నేనే పోతా. నీ బిళ్ళ నాకియ్యి."

నాయన వద్దనలేదు. అదే ఇప్పటికీ నా గుండెను పిండుతుంది. నేల చూస్తూ, "ఇంగ పసిబిడ్డ వస్తా ఉండాది. దీని చదువు ఒగ దారికి వచ్చేదాకా లోపలనే ఉంటే చాలు" అన్నాడు. నా చదువు కోసం! జేబులోంచి బిళ్ళ తీసి ఇచ్చేశాడు. తలుపు వెనక అవ్వ నిలబడి ఉంది. అంతా విన్నది. ఏ సంగతికీ ఊరుకోని మనిషి ఊరుకుంటే భయమేసింది.

ఆస్పత్రి రోజు పొద్దున్నే అవ్వ తలంటుకుని, పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. "నేనూ వస్తాను. నా కొడుకు ఎద తెల్లదని డాక్టరు నోటితో వినాల" అంది, ఏమీ తెలియనట్టే. నాయన చేసేది లేక బయలుదేరాడు. నేను బడి ఎగ్గొట్టి అవ్వ కొంగు పట్టుకుని పోయాను.

ఆస్పత్రి వరండా అంతా మందుల వాసన. చొక్కాలు విప్పి చేతుల మీద వేసుకుని బారుగా మగవాళ్ళు. అంతమంది తెల్లని వీపులు ఒకచోట నేనెప్పుడూ చూడలేదు. మామ కొంచెం ముందుగానే వచ్చి వరసలో నిలబడి ఉన్నాడు. నాయన మా పక్కన బెంచీ మీద, ఏదో తోడుకు వచ్చినవాడిలాగా కూర్చున్నాడు. చీకటి గది తలుపు తీసి ఎక్స్‌రే ఆయన నాయన నంబరు పిలిచాడు.

మామ కదిలాడు. ఆయన రెండడుగులు వేసేలోగా అవ్వ లేచి అడ్డం పోయింది. మామ పిడికిలి విప్పి, పిల్లవాడి చేతిలోని మట్టిపెళ్ళ తీసుకున్నంత సులువుగా బిళ్ళ తీసుకుంది. వచ్చి నాయన రెక్క పట్టుకుని లేపింది.

"ఈ నంబరు వీనిది. వీడే నా కొడుకు. కన్నదాన్ని నేను, నాకు తెలీదా?"

"ఎవురు కాదన్నారవ్వా?" అన్నాడు ఎక్స్‌రే ఆయన, ఏమీ అర్థం కాక. వరసలో వాళ్ళంతా నవ్వారు. మామ తల వంచుకున్నాడు.

నాయన అవ్వ చెవి దగ్గరికి వంగి, "అమ్మా, పైకి తెచ్చేస్తారమ్మా" అన్నాడు. ఆయన గొంతు అట్లా బతిమాలడం నేనెప్పుడూ వినలేదు.

"తేనీ" అంది అవ్వ. "మీ నాయన్ను ఎవురూ తేలేదు."

నాయన చొక్కా విప్పి నా చేతికిచ్చి లోపలికి పోయాడు. తలుపు మూసుకుంది. లోపలి నుంచి "ఊపిరి పట్టు" అన్న కేక వినిపించింది. బయట అవ్వ కూడా పెదాలు బిగించి ఊపిరి పట్టింది. "వదులు" అని వినపడేదాకా వదల్లేదు.

నాయనను పైకి తెచ్చేశారు. దుంగలు కోసి పేర్చే యార్డులో పని ఇచ్చారు. అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని లక్కూరు నుంచి వచ్చేసరికి ఇంట్లో వరి అన్నం పండగలకే పరిమితమైంది, సంగటి మూడు పూటలైంది. మొదట్లో నాయన తల దించుకుని నడిచేవాడు. షిఫ్టు సైరన్ మోగితే ఉలిక్కిపడి చొక్కా వెతుక్కునేవాడు. కొన్నాళ్ళకు ఆయన వాసన మారింది, రంపపు పొట్టు వాసనా చెమట వాసనా కలిసి వచ్చేది. ఎండలో పనిచేసి చేతులు, మెడ, మొహం నల్లబడ్డాయి. "ఏమి అవ్వా, నీ కొడుకు ఇట్ల నల్లబడిపోయినాడు?" అని ఎవరైనా అంటే "నల్లబడనీ, ఇంగా నల్లబడనీ" అనేది, ఒకప్పుడు ఆయన తెలుపు చూసి మురిసిపోయిన మనిషే.

దగ్గు పోలేదు. లోపలికి పోయిన రాయి లోపలే ఉంటుంది, దాన్ని ఏ బెల్లమూ లాగలేదు. కానీ కొత్త దుమ్ము పడలేదు. నా చదువు ఆగలేదు. మామ లోపలి పని చేసినన్నాళ్ళూ పండగకు మాకొక అరటి గెల తెచ్చి అరుగు మీద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా పోయేవాడు.

నాకు పెళ్ళై, పెద్దవాడు పుట్టిన తరువాత అవ్వ పోయింది. నాయన ఉండగానే పోయింది. ఆస్పత్రి వరండాలో ఆమె కొట్లాడింది దీనికోసమే అని నాకు బాగా తెలుసు, పైకి ఎప్పుడూ చెప్పకపోయినా. మొగుణ్ణి భూమికిచ్చిన ఆడది, కొడుకు కంటే ముందు తాను పోవాలనుకుంది. ఆ వరం దేవుణ్ణి అడిగి ఊరుకోలేదు, తానే పోయి తెచ్చుకుంది.

పాడె లేచినప్పుడు మేం ఆడవాళ్ళం లైను చివర నిలబడి చూశాం. పాడె ముందువైపు మామ భుజం. వాళ్ళకు ముందు నాయన, చేతిలో నిప్పుకుండతో. దిబ్బ పక్కన దారి ఎత్తుగా ఉంటుంది. నాయన పది బారలు నడిచి నిలబడిపోయాడు, ఊపిరి అందలేదు. మామ నిలబడ్డాడు. వెనకవాళ్ళు నిలబడ్డారు. ఎవరూ కుండ ఇంకొకరికి ఇమ్మనలేదు, తొందరపెట్టలేదు. ఆ ఎత్తంతా ఆయన అట్లాగే ఆగుతూ, నడుస్తూ ఎక్కాడు. ఆగిన ప్రతిసారీ కొడుకుకు ఊపిరి అందేదాకా అవ్వ నలుగురి భుజాల మీద కాచుకుంది.